మంచం కింది సీసాలు

ఏవండీ, నోరు తెరుచుకుని ఎంత ముద్దుగా పడుకున్నారో, లేపబుద్ధి కాలేదు. పాలు కాచి మూతపెట్టాను. మీ చొక్కాకి నీలం దారం దొరక్క ఎర్రదారంతో బొత్తాం కుట్టి, పావుగంట మురిసిపోయాను. మంచం కింద రెండు కూల్‌డ్రింక్ సీసాలున్నాయి. పారబోసి ఆఫీసుకు వెళ్లండి.

అవి మీ అన్నయ్యగారి పాప కోసం నేను కొన్నవే. బడి నుంచి నాలుగింటికి రాగానే తిన్నగా మన గదికొస్తుంది. గ్లాసు నిండా పోసిస్తే "పిన్నీ, నువ్వు భలేదానివి" అని గంటసేపు కబుర్లు చెబుతుంది. ఈ ఇంట్లో పగలంతా నాతో మాట్లాడేది అదొక్కత్తే.

మొన్న డాక్టరుగారు దాని రక్తపరీక్ష, స్కానింగు చూసి, పదేళ్లకే కాలేయానికి కొవ్వు పట్టిందని, ఆ కొవ్వు పైకి కనబడని వాపును ఒంట్లో రేపుతోందని చెప్పారు. "తీపి డ్రింకులు ఎవరిస్తున్నారమ్మా?" అని అడిగితే మీ వదిన "మా ఇంట్లో చుక్క కూడా ఇవ్వం సార్" అంది. నేను గోడమీది బొమ్మలు చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ పరగడుపున మళ్లీ రక్తం తీస్తారట. వాళ్లతో నేనూ వెళ్తున్నాను. అక్కడే చెప్పేస్తాను. మీ వదిన తిడితే పడతాను.

తా.క. పాప ఇక నా దగ్గరికి రాదేమో. నాలుగింటికి మీకు టీ విరామం ఉంటుందిగా, ఆ పది నిమిషాలు నాకు ఫోన్ చేయరూ.