కుడివైపు అలమర

నా చేతుల మీద పెరిగిన తమ్ముడికి,

నువ్వు కిందటిసారి వచ్చి, తిరిగి వెళ్లిన రోజు పొద్దున నీకు గుర్తుందా? గుర్తుండేంత విశేషమేమీ జరగలేదులే. నేను ప్రార్థన ముగించి వంటింట్లోకి వచ్చేసరికి నువ్వు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నావు. పాలు పొంగడానికి వచ్చాయి. మరదలు నీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. బుజ్జి కాలేజీకి ఆలస్యమవుతోందని గొణుక్కుంటూ ఒంటికాలి చెప్పుతో రెండోదాని కోసం ఇల్లంతా గాలిస్తోంది. నువ్వు గ్లాసు కోసం ఎడమవైపు అలమర తెరిచావు. అందులో పప్పుల డబ్బాలున్నాయి. మూసి, మళ్లీ తెరిచి చూశావు.

"గ్లాసులు ఎక్కడ పెట్టారు పెద్దక్కా?"

"ఎక్కడికి పోతాయిరా? కుడివైపే."

అమ్మ ఉన్నప్పటి నుంచీ అవి అక్కడే. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నేనేమీ అనుకోలేదు.

ఇవాళ మధ్యాహ్నం నీ పన్ను లెక్కలు చూసే ఆయన ఇంటికొచ్చారు. టర్బైన్లు బిగించే పని మీద నిన్ను ఆ ఊరు పంపారు కాబట్టి, అక్కడి గది అద్దె, తిండి ఖర్చు నీ ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదానికే పన్ను వేస్తున్నారట. పని తాత్కాలికమైతేనే ఆ వెసులుబాటు. తిరిగి రావడానికి ఇల్లున్నవాడికే. ఈసారి అధికారులు రుజువు అడిగారట.

"త్వరలో వచ్చేస్తాడని, ఇల్లు ఇదేనని ఒక్క ముక్క రాసివ్వండమ్మా. పెద్దవారు, మీ మాటకు విలువుంటుంది" అన్నారు.

మరదలి ముఖం విప్పారింది. "ఎప్పుడొస్తున్నారండీ? తేదీ కూడా వేయాలా?" అంటూ పెన్ను తెచ్చింది.

ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "తేదీ వద్దమ్మా. గడువు తీసేసి అక్కడే ఉంచమని ఆయనే ఆఫీసును అడిగారు కదా. మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

చెప్పలేదని మాలో ఎవరమూ అనలేదు. మరదలు పెన్ను మూత కోసం వెతుక్కుంది. అది తన చేతిలోనే ఉంది. బుజ్జి మాత్రం ఊరుకోలేదు.

"నాన్న బ్రష్షు కూడా మనింట్లో ఉండదత్తా. దానికీ అక్కడే పర్మనెంటు అయినట్టుంది."

"నోర్ముయ్యవే" అంది వాళ్లమ్మ. అందులో కోపం లేదు.

అక్కడ నీకు మనిషెవరైనా ఉన్నారా అని నేను అడగను. ఒంటరిగా ఉండడమే అలవాటైందేమో, అదీ అడగను. నీ గదిలో గ్లాసులు ఎడమవైపు ఉంటాయని మాత్రం తెలుసు. నిద్రకళ్లతో నీ చెయ్యి అటే పోయింది కదా. రోజూ నీ కోసం "క్షేమంగా తిరిగి రావాలి" అని వేడుకుంటాను. ఇవాళ ఆయన వెళ్లాక మళ్లీ ప్రార్థనకు కూర్చుని "క్షేమంగా ఉండాలి" అని మాత్రం అన్నాను.

సాయంత్రం ముగ్గురం వంటింట్లోనే కూర్చున్నాం. రాసిద్దామా అని నేనే అడిగాను. అబద్ధం రాయడం ఒక భయం. రాస్తే మరదలు దాన్ని నమ్మేస్తుందేమోనని అంతకంటే పెద్ద భయం. కానీ తనే తేల్చేసింది.

"వద్దు వదినా. ఆయన ఇల్లు అక్కడేనని చెప్పేయండి. తాత్కాలికం అన్న మాట పట్టుకుని నేనే ఇన్నాళ్లూ వేలాడాను."

బుజ్జి వెళ్లి వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుంది.

కాబట్టి మేం రాసివ్వడం లేదు. పన్ను మొత్తం కట్టేసుకో. నీ మంచం తీసి గోడకు నిలబెడతాం, ఆ చోట మరదలి కుట్టుమిషను పెట్టుకుంటుంది. నువ్వు వచ్చేముందు ఒక కబురు చెయ్యి, హాల్లో పక్క వేస్తాం. గ్లాసులు కుడివైపే ఉంటాయి.

నీ మేలు కోరే
పెద్దక్క