మోకాలి నొప్పి

ఫిబ్రవరి 3

మన సంఘానికి గ్రాంటు వచ్చింది. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ బతుకుతున్న మన వాళ్ళకి వైద్యం సరిగా అందడం లేదని సర్కారు వాళ్ళు ఇన్నాళ్ళకి కనిపెట్టారు. క్లినిక్కులో మన మాట డాక్టరుకి, డాక్టరు మాట మనకి చెప్పడానికి దుబాసీ ఉద్యోగం ఒకటి పెట్టారు. నేనూ అప్లై చేశాను. బేకరీలో ఇన్నేళ్ళుగా ఇక్కడి భాషలోనే తిట్లు తింటున్నాను, అంతకన్నా అర్హత ఏం కావాలి? ప్రెసిడెంటు తన బామ్మర్దికి ఇచ్చుకున్నాడు. వాడికి కారుంది కదమ్మా అన్నాడు. ఛీ.

ఫిబ్రవరి 19

నాతోనే ఉండే పెద్దమ్మ, ఆ ప్రెసిడెంటు బామ్మర్దిగారి వెంట క్లినిక్కుకి వెళ్ళి మోకాలి నొప్పికని ఆయింట్‌మెంటు తెచ్చుకుంది. మోకాలి నొప్పా! మా మెట్లు నాకన్నా ముందు ఎక్కేస్తుంది. అడిగితే, నా వయసొస్తే నీకే తెలుస్తుందిలే అంది.

మార్చి 7

ట్యూబు మూత కూడా తీయలేదు.

మార్చి 22, ఉదయం

చెయ్యి పైకి లేవడం లేదు, జాకెట్టు తొడగమని పిలిచింది. చూశాను. ఎడమ రొమ్ములో గడ్డ. చర్మం లోపలికి గుంజుకుపోయి ఉంది.

చలికాలం మొదట్లోనే చేతికి తగిలిందట. డాక్టరు ఆడమనిషే, కానీ పక్కన బామ్మర్ది ఉన్నాడు. అత్తా అత్తా అంటూ మనింట్లో కాఫీ తాగే మగాడి ముందు ఆ మాట నోటికెలా వస్తుందే అంది. సాయంత్రానికి అందరిళ్ళకీ పాకిపోదా అంది. అందుకని మోకాలు అందట. వెళ్ళిన ప్రతిసారీ మోకాలే.

నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఇద్దరం మంచం మీద కూర్చుని ఏడ్చాం.

మార్చి 24

క్లినిక్కు కౌంటర్లో గడ్డ సంగతి నేనే చెప్పాను. ఇంటివాళ్ళ మాట చెల్లదట, రూలట. సంఘం దుబాసీతోనే రావాలట. పెద్దాసుపత్రికి పోదామంటే ఈ క్లినిక్కు చీటీ కావాలట. వాడుంటే చచ్చినా రానని పెద్దమ్మ.

ప్రెసిడెంటు దగ్గరికి పోయాను. జీతం వద్దు, ఆడవాళ్ళ వెంట నన్ను పంపండి అని బతిమాలాను. మా బామ్మర్ది మనసు వెన్నమ్మా, పెద్దమ్మ వాడికి తల్లితో సమానం, సిగ్గెందుకు అన్నాడు. గ్రాంటు వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, అప్పటిదాకా గొడవ పెట్టకు అని కూడా అన్నాడు. గది నిండా కొత్త బ్యానర్లు. 'అందరికీ ఆరోగ్యం' అట.

ఏప్రిల్ 9

గ్రాంటు వాళ్ళొచ్చారు. మోకాళ్ళు నయమైన మనిషని సంఘం వాళ్ళు పెద్దమ్మని ముందు వరసలో కూర్చోబెట్టి మైకిచ్చారు. నేను బేకరీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాను.

పెద్దమ్మ లేచింది. తలెత్తలేదు. నాకు మోకాళ్ళ నొప్పి లేదు, రొమ్ములో గడ్డుంది, ఈ బాబు ముందు చెప్పలేక దాచుకున్నాను, ఇప్పుడు చెయ్యి లేవడం లేదు, ఇక దాచలేను అని మన భాషలో అంది. హాలంతా విన్నది.

బామ్మర్ది నవ్వుతూ, మోకాళ్ళు బాగయ్యాయి, మీకు చాలా కృతజ్ఞతలు అంటోంది అని వాళ్ళ భాషలో చెప్పాడు.

గ్రాంటు వాళ్ళు చప్పట్లు కొట్టారు. సరే, వాళ్ళకి తెలీదు. మన వాళ్ళూ కొట్టారు. తెలిసి తెలిసి కొట్టారు. థూ, ఏం మనుషులు!

కుర్చీ ఎక్కి పెద్దమ్మ అన్నది అన్నట్టే వాళ్ళ భాషలో అరిచాను. చప్పట్లు ఆగాయి. ఈ పిల్లకి మతి సరిగా లేదని ప్రెసిడెంటు అందుకున్నాడు. గ్రాంటు ఆఫీసరమ్మ అతని మాట వినిపించుకోలేదు. అక్కడే నిలబడి పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. దుబాసీగా నన్నే వెళ్ళమంది.

మే 2

మొదటిసారి క్లినిక్కుకి వెళ్ళినప్పుడే చెప్పి ఉంటే ఆపరేషనుతో నయమయ్యేదట. ఇప్పుడు ఊపిరితిత్తులకి పాకిందట. ఇక నొప్పి తెలియకుండా చూడడమేనట. అంతా చెప్పి డాక్టరమ్మ నా వైపు చూసింది. పెద్దమ్మ కూడా నా వైపే చూసింది.

ఒక్క మాట మింగకుండా చెప్పాను.

పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ఇంత శ్రద్ధ తీసుకున్నందుకు డాక్టరమ్మకీ గ్రాంటు వాళ్ళకీ కృతజ్ఞతలు చెప్పవే అంది.

అది మాత్రం చెప్పలేదు.