ఫెర్మిన్ గారు చదివే కబుర్లు

హుయల్యాని, సోమవారం

కొచబాంబ నగరంలో కంప్యూటర్లు బాగుచేసే ఇంజనీరు రొములో తెర్రాసాస్ గారికి, హుయల్యాని రేడియో నుంచి కాసిల్డా చోకె నమస్కారాలు.

మీరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన కొత్త ప్రోగ్రాము అందింది. మీరు చెప్పినట్టే కంప్యూటరుకు తగిలించాను. సగం ఎక్కేసరికి కొండ మీద మెరుపు మెరిసింది. మెరుపు కనబడితే మా ఊళ్లో పొయ్యి తప్ప అన్నీ ఆర్పేస్తాం. నేనూ ఆర్పేశాను. ఆర్పవద్దని తెర మీద రాసే ఉంది. కానీ అది రాసినవాడు మా కొండల్లో కాపురం ఉండడు కదా.

అప్పటినుంచీ ఒకటే చిక్కు. తెల్లవారుజామున నేను కబుర్లు చదవబోతే ఫెర్మిన్ గారు అడ్డొచ్చి తనవి చదివేస్తున్నారు. నన్ను నోరెత్తనివ్వడం లేదు. ఈ పల్లెలకు ఫోను అందదని మీకు తెలుసు. ఎవరు వస్తున్నా, ఎవరు పోయినా కబురు మా రేడియోలోనే. విన్నవాళ్లు నడిచి వెళ్లి, అది ఎవరికి చెందిందో వాళ్లకు అందజేయాలి. ఇక్కడి మర్యాద అది. తప్పుడు కబురు వెళితే ఊళ్లకు ఊళ్లు నడుస్తాయి. కాబట్టి త్వరగా ఏదో ఒక దారి చెప్పండి.

మీ జవాబు కోసం చూస్తూ,
కాసిల్డా

తా.క. మా రేడియోకు మాత్రమే ఉన్న ఇంటర్నెట్టు కూడా పోయింది, అందుకే ఈ ఉత్తరం. దీనితోపాటు మీకు చీజు ముద్ద పంపుతున్నాను. అది చిన్నదై అందితే కొరికింది ఎలుక కాదు, డ్రైవరు.


కొచబాంబ, బుధవారం

డోన్యా కాసిల్డా గారికి, నమస్కారం.

చీజు చిన్నదై అందింది.

కొత్త ప్రోగ్రాము సగంలో ఆగిపోవడంతో పాతదానికీ దానికీ పొత్తు కుదరడం లేదు. ఒకే ఇంట్లో మాటల్లేని అత్తాకోడళ్ల వ్యవహారం ఇది. దాన్ని నేను చక్కబెడతాను. ఫెర్మిన్ గారి సంగతి మాత్రం కంప్యూటరు జబ్బు కాదు. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పాత ఉద్యోగులు ఇలాగే మొండికేస్తారు, నేను చాలామందిని చూశాను. ఆయన్ను కొన్నాళ్లు సెలవు మీద పంపండి. గది తాళం మీ దగ్గరే ఉంచుకోండి. అప్పటికీ వినకపోతే నా పేరు చెప్పి గట్టిగా మందలించండి.

మీ సేవలో,
రొములో తెర్రాసాస్

తా.క. ఆయన వయసులో పెద్దవారైతే కాస్త మెల్లగానే మందలించండి. గుండె ఆగిపోతే మళ్లీ నా పేరే వస్తుంది.


హుయల్యాని, శనివారం

ఇంజనీరు గారికి నమస్కారాలు.

గదికి తాళం వేసి, బయట నిలబడి, మీ పేరు చెప్పి మందలించాను. లోపల ఒకసారి దగ్గు వినిపించింది. తరువాత ఎప్పటిలాగే చదివారు. గుండె గురించి మీరు దిగులుపడకండి. అది మూడేళ్ల కిందటే ఆగిపోయింది.

ఫెర్మిన్ నా భర్త. ఒంట్లో బాగోక నగరంలో ఆసుపత్రికని బస్సెక్కారు. "చేరగానే కబురు పంపిస్తాలే, నువ్వు రేడియో వదిలి కదలకు" అన్నారు. నేను కదలలేదు. కబురు రాలేదు, శవపేటిక వచ్చింది. లోకంలో అందరి కబుర్లూ చదివిన మనిషి నాకు చెప్పాల్సిన ఆ ఒక్క ముక్క చెప్పకుండా పోయాడని నాకు ఇప్పటికీ కోపమే. అందుకే ఆ గొంతు వినిపిస్తుంటే ఆపడానికి చేయి రావడం లేదు. ఈసారైనా నా పేరు పిలుస్తాడేమోనని కూర్చుంటున్నాను.

ఇక్కడ మాత్రం గందరగోళంగా ఉంది. గురువారం ఆయన పుకారా ఊరి అన్సెల్మాకు కబురు చదివారు, ఆమె చెల్లెలు బంగాళాదుంపల లారీలో వస్తోంది, గాడిదతో వంతెన దగ్గర ఉండమని. ఆ చెల్లెలు పోయి చాలాకాలమైంది. అయినా అన్సెల్మా వెళ్లింది. "కబురొచ్చాక పోకుండా ఎట్టా ఉంటానే? దాన్ని చలిలో నిలబెట్టనా?" అంది. సాయంత్రం దాకా చూసి, ఖాళీ గాడిదతోనే వచ్చేసింది. దారి పొడుగునా ఆ గాడిద బరువెత్తినట్టు ఆయాసపడిందట.

దిక్కుతోచక,
కాసిల్డా

తా.క. గాడిద ఇప్పుడు వంతెన వైపు రానని మొరాయిస్తోంది.


కొచబాంబ, మంగళవారం

డోన్యా కాసిల్డా గారికి,

మిమ్మల్ని తెలియక నొప్పించాను, మన్నించండి. చనిపోయిన మనిషిని సెలవు మీద పంపమన్నానని తెలిసి మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. మీ ఆయన చదివినవన్నీ కంప్యూటరులో రికార్డయి ఉన్నాయి. పాత ప్రోగ్రాము తేదీలు రాసుకున్న పద్ధతి కొత్తదానికి అర్థం కావడం లేదు. అందుకని ఏళ్లనాటి కబురునూ ఇవాళ్టిదే అనుకుని వినిపిస్తోంది. ఆ పాత రికార్డింగులు మొత్తం చెరిపేస్తే గొడవ తీరిపోతుంది. మీరు సరేనంటే ఎలా చెరపాలో రాస్తాను.

మీ శ్రేయస్సు కోరే,
రొములో

తా.క. గాడిద ఆయాసానికి నా దగ్గర ప్రోగ్రాము లేదు.


హుయల్యాని, శుక్రవారం

ఇంజనీరు బాబుకు,

చెరపవద్దు. ఆయనకు కబుర్లు ముందే చదివి దాచుకునే అలవాటుండేది. బస్సెక్కేముందు నాకూ ఒకటి చదివి దాచే ఉంటారు. కంప్యూటరును ఈ బస్సులోనే పంపుతున్నాను. మొదటినుంచి చివరిదాకా వినండి. నా పేరు దొరికాక మీ ఇష్టం వచ్చినట్టు చెరుపుకోండి.

ఇక్కడ జనం ఆయన చదివిన కబుర్లకు జవాబులు పట్టుకుని నా గుమ్మం ముందు వరుస కట్టారు. సతుర్నీనో అయితే మరీను. "మా అత్త నిన్న పొద్దున పెళ్లికి రమ్మంది. ఆ పెళ్లికొడుక్కి ఇప్పుడు మనవలున్నారు. పోకపోతే బాగుండదని చొక్కా మార్చుకుని పోయా. అక్కడ ఎవరూ లేరు కాసిల్డా. కానీ వాకిలంతా చిచా కల్లు ఒలికిన వాసన" అన్నాడు. అత్తకు ఏం జవాబు చదవాలని అడిగితే, భోజనం పెట్టలేదని చదవమన్నాడు.

మీ మీదే ఆశ పెట్టుకున్న,
కాసిల్డా

తా.క. కంప్యూటరు పెట్టె బస్సెక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. ఇదివరకు దాన్ని నేనొక్కదాన్నే ఎత్తేదాన్ని.


కొచబాంబ, బుధవారం

డోన్యా కాసిల్డా గారికి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు మనసు రావడం లేదు. అన్నీ విన్నాను. తప్పిపోయిన గొర్రెలు, పురుళ్లు, చావులు, పెళ్లిళ్లు, విరిగిన వంతెనలు. ఒక్కటీ వదలలేదు, మా ఆవిడ కూడా పక్కన కూర్చుని వింది. మీ పేరు ఎక్కడా లేదు. ఉంటే ఎంత బాగుండునో నాకు తెలుసు, కానీ లేనిదాన్ని ఉందని చెప్పలేను.

మరో గొడవ రాకుండా అన్నీ చెరిపేశాను. కంప్యూటరు ముక్కలుగా విప్పి నా బల్ల మీద ఉంది. కొత్త ప్రోగ్రాము శుభ్రంగా ఎక్కించి, బిగించి, వచ్చే వారం పంపిస్తాను. అంతవరకు ప్రసారాలు ఉండవు. యాంటెన్నాకు కరెంటు కూడా ఆపేయండి.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
రొములో

తా.క. యంత్రం విప్పేశాక కూడా గదిలో ఎవరో దగ్గారు. కొచబాంబలో దుమ్ము ఎక్కువ.


హుయల్యాని, ఆదివారం

నా బాబు రొములోకు, కాసిల్డా దీవెనలు.

నన్ను ఏడిపించి మరీ సంతోషపెట్టారు. లేదని ఉత్తరం రాసి, నేను మీ ఉత్తరం చదువుకుని పడుకున్న మర్నాడే వినిపించారు.

శనివారం తెల్లవారుజామున అలవాటుకొద్దీ వెళ్లి ఖాళీ బల్ల ముందు కూర్చున్నాను. మా ఇంట్లో రేడియో పెట్టె ఎన్నడూ లేదు. మనిషి పక్క గదిలోనే మాట్లాడుతుంటే పెట్టె దేనికి? అందుకని ఈ చుట్టుపక్కల ఆ పొద్దుటి కబురు విననిదాన్ని నేనొక్కదాన్నే. పొద్దెక్కేసరికి అన్సెల్మా వచ్చి గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. "కాసిల్డా, నీకు కబురొచ్చిందే. ఫెర్మిన్ చదివాడు. 'నా భార్య కాసిల్డాకు. క్షేమంగా చేరాను. ఇక్కడ చలి లేదు. నువ్వు తొందరపడి రావద్దు.' అంతే. అప్పజెప్పాను" అంది.

ఆమె వెనకే సతుర్నీనో వచ్చాడు, అతని వెనక ఇంకొకరు. ఆ రోజంతా వస్తూనే ఉన్నారు. రెండు కొండలు దాటి వచ్చిన ముసలాయన ఒకరు, ముందే విన్నానని నేనంటే, "వింటే విన్నావులేమ్మా. నా చెవిన పడింది, నా నోటితో చెప్పాలి" అని మొత్తం చెప్పాడు. ప్రతివాళ్ల దగ్గరా కొత్తగా విన్నట్టే విన్నాను. ప్రతిసారీ ఏడ్చాను. మూడేళ్ల కోపం సాయంత్రానికి ఎటుపోయిందో తెలియదు.

చెరిపేసినదాన్ని ఎలా దొరికించారో, ముక్కలు చేసిన యంత్రంతో అంత దూరం నుంచి ఎలా పలికించారో నాకు అర్థం కాదు. మీరు చదువుకున్నవారు. యాంటెన్నా కరెంటు మీరు చెప్పినట్టే ఆపాను, ఇంకా ఆపే ఉంచాను.

రుణపడి ఉన్న,
కాసిల్డా

తా.క. కంప్యూటరు పంపడానికి తొందరేమీ లేదు. ఈ పొద్దున కూడా కబుర్లు వేళకే వచ్చాయట.