లప్పం కింద పంటిగాట్లు

గజపతినగరం,
సోమవారం.

సుందరి వదినకు,

నిన్న మా బాబు పుట్టినందుకు ఇంట్లో పెట్టిన ప్రార్థన కూటంలో జరిగినదాని గురించి ఫోనులో మాట్లాడే ముఖం లేక రాస్తున్నాను. నీ కూతురు దీవెన చిన్నప్పుడు పడుకున్న ఊచల మంచాన్ని శుభ్రంగా కడిగి, మా బాబు కోసం ఆటోలో పెట్టి పంపావు. దాని పైపట్టీ మీద దీవెన కొరికిన పంటిగాట్లను నేను లప్పంతో పూడ్చి, గది గోడలకు జోడుగా లేత ఆకుపచ్చ రంగు వేశాను. అంతవరకూ తప్పు లేదేమో.

"ఎక్కడ కొన్నావమ్మా?" అని పాస్టరమ్మగారు అడిగితే, మా అత్తగారి చుట్టాలు వింటున్నారని, నీ ఎదుటే "విశాఖలో, కొత్తదే" అనేశాను.

"మా ఆడపడుచుకి రంగులు ఏరడం బాగా తెల్సండీ" అని నువ్వు నవ్వి నన్ను కాపాడావు. కానీ నీ వేలు ఆ గాట్ల కోసం పట్టీ మీద వెతకడం చూశాను. నునుపే తగిలేసరికి చెయ్యి కొంగులోకి తీసేసుకున్నావు.

పొద్దున్న గరుకు కాగితంతో అక్కడి రంగు, లప్పం గీకేశాను. నాలుగు గాట్లూ బయటపడ్డాయి.

"కొత్త మంచానికి ఇదేటే?" అన్నారు అత్తగారు.

"కొత్తది కాదత్తా. మా దీవెనది" అన్నాను.

వచ్చే ఆదివారం చర్చిలో పాస్టరమ్మగారికీ చెబుతాను. ఈసారి మాత్రం నన్ను కాపాడకు వదినా.

నీ ఆడపడుచు