ఎడమ వైపు ఉన్ని

3వ తేదీ, గురువారం

ప్రియమైన జీను మేస్త్రీగారికి,

ఈ నెల ఇరవై నాలుగు, గురువారం, ఉదయం పది గంటలకు మా గుర్రం పెంకి ఇక్కడ ఉంటుందో పోతుందో తేలిపోతుంది. ఇవాళ పెద్దాయన మేత గది గుమ్మంలో నిలబడి చెప్పాడు. స్వారీ బడి ఆయనది, గుర్రాలు ఆయనవి, మాట కూడా ఆయనదే.

ఆ రోజు ఆయన, గుర్రాల డాక్టరు కంచె దగ్గర నిలబడతారు. నేను పెంకిని చిన్న పరుగులో రెండు వైపులా గుండ్రంగా తిప్పాలి. మధ్యలో చేతులు ముందుకు చాపి పగ్గం వదిలెయ్యాలి. వదిలినా మెడ కూలకూడదు, వేగం పెరగకూడదు. తన బరువు తనే మోసుకుంటూ అదే తీరున పోవాలి. పోతే పిల్లలకు స్వారీ నేర్పే గుర్రాల్లో ఉంచుకుంటాడు. ముక్కు నేలకేసి నా చేతుల మీద పడితే బండ్ల ఆసామికి ఇచ్చేస్తాడు. ఆ ఆసామి మొన్ననే వచ్చి పళ్లు చూసి వెళ్లాడు. కాలు చూడలేదు. ఇటుకల బండికి కడితే, నిరుడు తెగి అతుక్కున్న ఆ కాలి నరం ఎన్నాళ్లుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

డాక్టరు కాలు నయమైందంటున్నాడు. స్కానింగులోనూ అదే ఉంది. గట్టి నేల మీద తాడు పట్టుకుని పరిగెత్తిస్తే నాలుగు గిట్టలూ ఒకే తాళంలో పడుతున్నాయి. నేను ఎక్కగానే కథ మారుతోంది. కుడివైపు తిప్పితే కాస్త బయటికి జారుతుంది, అది సర్దుకోవచ్చు. ఎడమవైపు తిప్పితే మాత్రం భుజం లోపలికి కూలేసి, బరువంతా ముందు కాళ్ల మీదకు తెచ్చి, పగ్గం మీద వాలిపోతుంది. దిగేసరికి నా చేతులు సిమెంటు మూటలు దించినట్టు ఉంటున్నాయి. నిరుడు వానల్లో అడ్డకర్ర దూకబోయి ఇద్దరం పడ్డాం కదా, ఆ భయం దానికింకా వదల్లేదేమో.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. కానీ ఫోనులో నేను గుర్రం సంగతి మొదలుపెడితే మీరు జీను సంగతిలో తేలుతారు. కాగితం మీదైతే చివరిదాకా మాట నాదే. సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

మీ
గుర్రాలమ్మ

6వ తేదీ, ఆదివారం

ప్రియమైన గుర్రాలమ్మకి,

ఉత్తరం అందింది. చివరిదాకా అడ్డు రాకుండా చదివాను. ఇప్పుడు జీను సంగతి.

పోలీసు గుర్రాల జీన్లు సగం అయ్యాయి. నెలాఖరుకి మిగతావి ఇచ్చెయ్యాలి. ఇక్కడి పెద్ద మేస్త్రీకి మేమంతా వెనకాల 'సూదిమొన' అని పేరు పెట్టాం. కుట్టు ఒక్కటి వంకరపోయినా వరసంతా విప్పిస్తాడు. నాతో గదిలో ఉండే సోఫాల పనివాడు గురక పెడతాడు. నువ్వే నయం అని రాద్దామనుకున్నాను, మళ్లీ ఎందుకొచ్చిన గొడవ.

నీ పనిలో నీకు చెప్పేంతవాణ్ణి కాదు. అయినా ఒక మాట. నువ్వు పట్టుకున్నంతసేపూ అది ఆనుకుంటుంది. వెనకాల గోడ ఉంటే నిటారుగా కూర్చునేవాళ్లెవరు?

పెంకి గురించి పేజీ నిండా రాశావు. నీ గురించి ఒక్క ముక్క లేదు.

నీ
దారం ఉండ

10వ తేదీ, గురువారం

ప్రియమైన దారం ఉండకి,

నా గురించి రాయమన్నారు. తింటున్నాను, పడుకుంటున్నాను. చాలా?

గోడ మాట బాగుంది. గోడ తీసెయ్యడానికే చూస్తున్నాను. రోజూ పొద్దున నేల మీద కర్రలు పరిచి వాటి మీదుగా నడిపిస్తున్నాను, ఎక్కడ అడుగు వెయ్యాలో అదే చూసుకోవాలని. తరవాత వెనక మిట్ట ఎక్కించి దించుతున్నాను. దిగేటప్పుడు తొందరపడితే ఆపి, రెండడుగులు వెనక్కి వేయించి, మళ్లీ ముందుకు. అలా చేస్తే బరువు వెనక కాళ్ల మీదకు పోతుంది, వీపు లేస్తుంది. పొడవు పగ్గాలు వేసి వెనకాల నడుస్తూ తోలితే చూడాలి దాన్ని. పగ్గాలు వేలాడుతున్నా మెడ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కంచె మీద కూర్చుని చూస్తున్న బస్తా, "వదినా, ఇది పెంకేనా, మార్చేశారా?" అన్నాడు. బస్తా తెలుసుగా, కొత్త పిల్లలకు మొదటి పాఠాలు చెప్పేవాడు. నాకంటే ఇరవై కిలోలు ఎక్కువ తూగుతాడు.

ఆ మురిపెం నేను ఎక్కేదాకానే. ఎక్కి ఎడమకు తిప్పగానే మళ్లీ మొదటికి.

ఇంకోటి. జీను ఎడమకు జారుతోంది. దిగి చూస్తే పట్టీ బిగుతుగానే ఉంది. వెళ్లేముందు మీరే ఉన్ని కూరారు. ఎడమవైపు తక్కువ కూరారేమో. లోకానికంతా జీన్లు కుట్టేవాడి ఇంటి జీనుకి కుట్లుండవని సామెత లేదుగానీ, ఉంటే తప్పులేదు. ఈ ఉత్తరంతోపాటు జీను కూడా బస్సులో పంపుతున్నాను. అందాకా బడిలో ఉన్న పాత జీను వేస్తాను.

నిన్న బండ్ల ఆసామి మళ్లీ వచ్చాడు. పెంకి మెడకు తాడు చుట్టి, బండికి కట్టే మెడపట్టీకి కొలత తీసుకున్నాడు. నేను చూస్తుండగానే తాడుకి ముడి వేసుకుని జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన అతనికి టీ తెప్పించాడు.

మీ
గుర్రాలమ్మ

15వ తేదీ, మంగళవారం

ప్రియమైన నీకు,

ఆదివారం జీను విప్పాను. రెండు రోజులు ఆగి, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నేను రెండు వైపులా ఒకే తూకం ఉన్ని కూరాను. కుడివైపు ఉన్ని నేను పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, వేలు పెడితే దిగిపోతోంది. ఎడమవైపుది అణిగి అణిగి పాత కంబళి ముక్కలా గట్టిపడింది. సూది దిగడానికి కష్టపడింది. ఎడమ రికాబు పట్టీ రెండు వేళ్ల వెడల్పు సాగింది. కుడిది సాగలేదు. కుడి మోకాలు ఆనేచోట నేను పూసిన మైనం చెరగలేదు. అంటే నీ కుడి మోకాలు ఇన్నాళ్లూ జీనుకి తగలనే లేదు.

పెంకి ఎడమకు కూలడం లేదు. నువ్వు ఎడమకు కూర్చుంటున్నావు. నెత్తిన మూట ఒకపక్కకు జరిగితే మోసేవాడు మూట కిందికి జరుగుతాడు కదా. అది చేస్తున్నది అదే. నిన్ను పడెయ్యకుండా ఉండటానికి అటు వస్తోంది. దాన్ని నువ్వు పగ్గంతో పట్టి లాగుతున్నావు.

నిరుడు మీరిద్దరూ పడ్డారు. దానికి స్కానింగు తీశారు, కట్టు కట్టారు, ఎనిమిది నెలలు అడుగులో అడుగు వేయించారు. నువ్వు "గీతలేనండీ" అన్నావు. ఆసుపత్రికి వెళ్లొచ్చానన్నావు. నేను ఇక్కడికి బయల్దేరిన రోజు నా సంచీ అందించడానికి బస్సు మెట్టెక్కుతూ రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నావు. అప్పుడు సంచీ బరువనుకున్నాను.

ఏ ఆసుపత్రికి వెళ్లావు? ఫోనులో అడిగితే "ఏం లేదండీ" అని పెట్టేస్తావు. జవాబు కాగితం మీదే కావాలి.

జీను బాగుచేసి పంపుతున్నాను. ఎడమవైపు కొత్త ఉన్ని పెట్టాను. నువ్వు ఎక్కితే అది మళ్లీ అణుగుతుంది.

నీ
దారం ఉండ

17వ తేదీ, గురువారం

జీను మేస్త్రీగారికి,

జీను అందింది. జీను కుట్టేవారు జీను కుడితే చాలు. నా నడుం కొలతలు తియ్యమని నేను పంపలేదు.

ఇంకా వారమే ఉంది. ఈ వారంలో నేను దిగిపోతే దాన్ని ఎక్కేదెవరు? గుర్రం దిగిన శిక్షకురాలికి ఇక్కడ పనేముంది? నేను దిగిన మర్నాడే గోడ మీది శిక్షకుల బోర్డులోంచి నా పేరు కూడా దిగుతుంది. పెద్దాయనకు పనికిరాని గుర్రం, పనికిరాని మనిషి అని రెండు లెక్కలుండవు.

ఇరవై నాలుగు దాటనివ్వండి. అందాకా ఏమీ అడక్కండి.

19వ తేదీ, శనివారం

ప్రియమైన గుర్రాలమ్మకి,

కోపమొస్తే నువ్వు సంతకం పెట్టవని ఇన్నేళ్లకు తెలిసింది.

ఏమీ అడగను. ఒక పని చెబుతాను, చేస్తే చెయ్యి. బస్తాని ఒక్కసారి ఎక్కించి ఎడమకు తిప్పించు. వాడి కింద కూడా పెంకి కూలిందంటే నాదే తప్పు, జన్మలో ఇంక నీ పనిలో వేలు పెట్టను. కూలకపోతే ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది.

సూదిమొన ఒక్కరోజు సెలవిచ్చాడు. గురువారం పొద్దున బస్సుకి బయల్దేరితే పదకొండుకి అక్కడుంటాను. పెంకి పరీక్షకు అందను. తరవాత ఏం జరిగినా, దానికి అందుతాను.

నీ
దారం ఉండ

23వ తేదీ, బుధవారం

ప్రియమైన మీకు,

సోమవారం ఉదయం బస్తాని ఎక్కించాను. మీది తప్పని చూపించడానికే ఎక్కించాను.

డాక్టరుని అడిగితే పది నిమిషాలు, అంతకు మించొద్దన్నాడు. బస్తా పెంకి పక్కన నిలబడి, "వదినా, నేనెక్కితే ఇది మళ్లీ మంచం ఎక్కుతుంది, ఆలోచించుకోండి," అన్నాడు. నోరు మూసుకుని ఎక్కమన్నాను. మీరు పంపిన జీనే వేశాం.

రెండు చుట్లు నడిపించి, ఎడమకు చిన్న పరుగు పెట్టించాడు. నేను భుజం చూస్తున్నాను, ఎప్పుడు కూలుతుందా అని. కూలలేదు. నేను గీసిన గీత మీదే పోతోంది. ఇంకో చుట్టు తిరిగింది.

"పగ్గం వదులు," అన్నాను.

"వదిలితే నేను దేన్ని పట్టుకోను వదినా?"

"దేన్నీ పట్టుకోకు."

చేతులు ముందుకు చాపాడు. పగ్గం వదులై వేలాడింది. మెడ కదల్లేదు. గిట్టల చప్పుడు మారలేదు. అంత మనిషిని వీపు మీద పెట్టుకుని, తన కాళ్ల మీద తను నిలబడి పోయింది. బస్తా పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. నేను కంచె పట్టుకున్నాను.

డాక్టరు దాన్ని చూడటం మానేసి నన్ను చూస్తున్నాడు. ఇసుక మీద ఆ చివరిదాకా నడిచి రమ్మన్నాడు. నడిచాను. నా అడుగుల వరస చూపించాడు. కుడి అడుగు పొట్టిగా, పక్కకు తిరిగి పడింది, అన్నీ అంతే. "నేను మనుషుల డాక్టర్ని కాదు," అన్నాడు. "కానీ నువ్వే గుర్రమైతే ఈ ఏడాది నీ మీద జీను వెయ్యనివ్వను."

మీరడిగినదానికి జవాబు. ఏ ఆసుపత్రికీ వెళ్లలేదు. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. కుడి తుంటి. పొద్దున లేవగానే ఎక్కువ, గుర్రమెక్కితే తక్కువ. ఎందుకు తక్కువో ఇప్పుడు తెలిసింది. నా బరువులో సగం అది మోస్తోంది.

నిన్న పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఉన్నది చెప్పి, గురువారం బస్తా ఎక్కుతాడన్నాను. ఆయన మొదట లెక్కల గది తలుపు మూశాడు.

"నువ్వు ఎక్కకపోతే నీకిక్కడ పనేంటమ్మా?" అన్నాడు.

"ఎనిమిది నెలలు దాన్ని నడిపించింది కింద నుంచేనండీ. కర్రల మీద, మిట్ట మీద, పొడవు పగ్గాల మీద. ఎక్కి నేను చేసిందల్లా చెడగొట్టడమే."

"ఈ మాట నాతో ఇంకెవరూ అనరు," అన్నాడు. పొగిడాడో దెప్పాడో తెలియలేదు. బోర్డు మీద నా పేరు సంగతి అడిగితే, "గుర్రం సంగతి తేలనీ, సోమవారం మాట్లాడుకుందాం," అన్నాడు. బండ్ల ఆసామిని మాత్రం రావద్దనలేదు. మెడపట్టీ కుట్టించుకుని వస్తున్నాడట.

ఈ ఉత్తరం సాయంత్రం డ్రైవరు చేతికిస్తున్నాను. మీరు బస్సెక్కేలోపు అందుతుంది.

రేపు పదింటికి పెంకి పరీక్ష. ఎక్కేది బస్తా. నేను ఇసుక మధ్యలో నిలబడతాను, చేతిలో తాడు ఉండదు. అయిందో లేదో మీకు దారిలో ఫోను చెయ్యను, ఎదురుగానే చెబుతాను. పదకొండున్నరకి ఎముకల డాక్టరు దగ్గర నా పేరు రాయించాను. మీరు బస్సు దిగి ఇంటికి వెళ్లకండి, తిన్నగా ఆసుపత్రికి రండి. లోపలికి వెళ్లాలంటే గేటు దాటాక ఎత్తు మెట్లున్నాయి. కింద నిలబడి ఉంటాను. మీరొచ్చాకే ఎక్కుతాను.

మీ
గుర్రం దిగిన గుర్రాలమ్మ