కండెల పాటల నీ వంతు

సిరిసిల్లల ఉన్న మా పెద్దక్క లచ్చవ్వకు, కోరుట్ల నుంచి నీ చెల్లె రాజవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టి రాస్తున్నది.

అక్కా, ఎట్లున్నవు? పాణం మంచిగున్నదా? మోకాళ్ళకు నూనె రాస్తున్నవా, సీసా అట్లనే పెట్టినవా? కొడుకు, కోడలు, పిల్లలు సల్లగున్నరా? వేములవాడ రాజన్న దయవల్ల ఇక్కడ మేము మంచిగనే ఉన్నం. నా గురించి రంది పెట్టుకోకు. ఫోన్ చేస్తె నీకు ఇనవడది. నీ కోడలు నడుమ నిలవడి ఒర్రుడు, నువ్వు "ఆఁ, ఏందీ" అనుడు, ఆఖరికి ఇద్దరం ఉత్తగ నవ్వి పెట్టేసుడు. గందుకే రాస్తున్న. ముసలోళ్ళ బడిల ఒక్క పలక మీద ఇద్దరం నేర్చుకున్న అక్షరాలు. వంకర టింకర ఉంటయి. నువ్వే నిమ్మలంగ సదువుకో, కోడలుతోని సదివించకు. ఇందుల మనిద్దరి ముచ్చట ఉన్నది.

బిడ్డ ఇంటికి అచ్చి మూడు నెలలాయె. అల్లుడు దుబాయిల ఉండె, మన్మరాలు మౌనిక పొద్దుగాల జగిత్యాల కాలేజీకి పోతె మాపటీలికి అస్తది, సుజాత ఒక్కతే ఇంట్ల బీడీలు చేసుకుంట ఉంటది. తోడుంటవని నన్ను తీసుకచ్చింది. తిండికి తక్కువ లేదు. గోళీలు ఏస్కుంటున్న. ఎండకు మాత్రం బండల మీద కాలు పెట్టరాదు. మౌనిక బస్సు పావు గంట ఆలిశ్యమైతె నేను సందు మలుపు కాడికి పోయి నిలవడుత. "అమ్మమ్మా, నువ్వు నిలవడ్డందుకు బస్సు ఉరికి అస్తదా" అంటది. రాదు, నాకు తెల్సు. అయినా నిలవడుత.

ఒక్కటే బాధ, ఇక్కడ సప్పుడు లేదు. మన దిక్కు కరెంటు మగ్గాలు, గా సాంచాలు, పొద్దంత దడదడ కొడుతుంటె మనం పట్టించుకున్నమా? ఇక్కడ పగటీలి వాకిట్ల కూసుంటె చెవులు గుయ్ మంటయి. ఏదో ఆగిపోయింది, ఎవలకో ఏదో అయిందని బుగులు. మన కాడ సాంచాలు ఆగినయంటె కరెంటన్న పోవాలె, పనన్న పోవాలె, మనిషన్న పోవాలె. ఇక్కడ ఏం పోకుండనే నిశ్శబ్దం. అలవాటయితలేదు.

ఇగ అసలు ముచ్చట. మౌనిక చెవులల్ల ఎప్పటికి రెండు తెల్ల గింజలుంటయి, చిక్కుడు గింజలంత. వాటిల పాటలినవడుతయట. నా గుండెల రాయి పడ్డది. నీ చెవులు సాంచాల సప్పుడుకు పోయినయి, గీ పొల్ల చేతులార పోగొట్టుకుంటదని రోజూ లొల్లి పెట్టిన. "తియ్యే బిడ్డా, మీ పెద్దమ్మమ్మను సూసినవు కదా" అంటె, "ఒక్క పారి నువ్వు ఇను అమ్మమ్మా, ఇన్నంక తిట్టు" అని ఒక గింజ తీసి నా చెవుల పెట్టింది. కరెంటు కొడుతదేమోనని కండ్లు మూసుకున్న.

అక్కా, ఎట్ల చెప్పాలె నీకు. ఎవరో ముసలాయన కిన్నెర వాయించుకుంట పాడుతున్నడు. నా తలకాయల కూసుండి పాడినట్టున్నది. నడుమల దగ్గుడు, పక్కపొంటి మేక అరుసుడు, ఎవలో "నీళ్ళు తాగు తాతా" అనుడు, అన్ని ఇనవడ్డయి. ఆ తీగ మోగుతుంటె నా ఒంటి మీద ఎంట్రుకలు లేసినయి. ఏ ఊర్లనో, ఏ ఇంటి అరుగు మీదనో పాడిన పాట, నేను సుజాత గడపల కూసొని ఇంటున్న. ఇది సినిమా పాట కాదట, పెద్ద కంపినీలోళ్ళు తీసింది కాదట. ఇద్దరు పిల్లలు, ఒక పొల్ల ఒక పిలగాడు, మోటరు సైకిల్ మీద ఊరూరు తిరిగి, ముసలోళ్ళ కాళ్ళకాడ కూసొని పాడించుకుని, సొంతంగ ఫోన్ల పెడుతరట. వాళ్ళకు పెండ్లయిందా అని అడిగిన. మౌనిక నవ్వింది. అట్ల తిరుగుతె ఇంట్లోళ్ళు ఏమనరా అని నాకు ఇప్పటికీ రందే.

గా రోజు నుంచి నాకు అదే పని. సుజాత ఒళ్ళె చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంటె, మౌనిక ఫోను గోడకు ఆనిచ్చి పాట పెడతది. మొదటి రోజు పక్కింటి గంగవ్వ నన్ను సూసి, "ఏంది రాజవ్వ, చెవుల గింజలు నాటినవు, మొలకలస్తయా" అన్నది. ఇప్పుడు ఆమెనే తన చాట పట్టుకుని అందరికంటె ముందుగాల అస్తది, "ఆ గొర్లు కాసేటాయన పాట పెట్టు బిడ్డా" అంటది. ఒక రోజు ఇసుర్రాయి పాట ఇని, "మాది గిట్ల కాదు" అని తనే అందుకున్నది. డెబ్బై ఏండ్ల మనిషి గొంతుల గంత పాట ఎక్కడ దాసుకున్నదో. సుజాత మొదలు గులిగింది, పాటలింటె బీడీ కట్టలయితయా అని. గని పాట అందుకున్నదంటె దాని చేతి ఏళ్ళు పాటెంబడే ఉరుకుతయి, నేను సూసిన.

దుబాయిల అల్లునికి సుత ఒక పాట పంపిన్రు. "రూంల పది మందిమి బువ్వ ముంగట పెట్టుకున్నం, పాట అయ్యేదాక ఒక్కడు ముద్ద ఎత్తలేదు అత్తమ్మా" అన్నడు. బువ్వ సల్లారదా అయ్యా అన్న. "సల్లారింది. గట్లనే తిన్నం" అన్నడు.

పోయిన ఐతారం నేను కంది పప్పు ఏరుతున్న. మౌనిక కొత్త పాట పెట్టింది. ఒక ముసలామె గొంతు.

"ఏ సేన్ల పుట్టినవే తెల్ల నూలమ్మా, ఏ చెయ్యి నిన్నొడికె తెల్ల నూలమ్మా."

చేతులున్న చాట జారింది. పప్పంత బండల మీద పోసుకున్న. అక్కా, మన కండెల పాట. అమ్మ పాట. మన ఇల్లు దాటి ఎన్నడన్న పోయిందా అది? నేను మనదే అనుకున్న, మనింట్లనే పుట్టి మనింట్లనే ఆగిందనుకున్న. ఆ పాడినామె బొంబాయి దిక్కు భీవండిల ఉండేదట, ఎప్పుడో మన దిక్కు నుంచే సాంచాల పనికి పోయినోళ్ళట. మాట మన మాటనే, రాగం మన రాగమే. నేను పప్పుల కూసొని ఏడ్సిన. సుజాత ఉరికచ్చి "ఏమైందే అమ్మా, బీపీ ఎక్కిందా" అని నా చెయ్యి పట్టింది.

గని ఆ పాట సగమే ఉన్నది. ఆమె రెండు మాటలు అడుగుతది, ఆగుతది. మల్ల రెండు అడుగుతది, ఆగుతది. ఆగిన కాడ ఆ పిల్లలు పిల్లనగ్రోవి ఊదించి పెట్టిన్రు. ఊదినాయన మంచిగనే ఊదిండు, తప్పు పట్టను. పాట గంతే అనుకున్నరు పాపం. నేనన్న, "అది ఖాళీ కాదు బిడ్డా, అది రెండో మనిషి వంతు. ఒకలు రాట్నం తిప్పి కండెకు నూలు చుట్టుకుంట అడుగుతె, ఎదురుంగ ఆ నూలు చిలప పట్టుకున్నామె జవాబు చెప్తది. తిప్పేది నేను, చిలప మా అక్క." మౌనిక అప్పుడే ఆ పాటల పిల్లలకు ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళకు సంబురమాయె. భీవండి ముసలామె పోయిన వానకాలం కాలం చేసిందట, ఆమె జోడి ఎవలో ఎవలకు తెల్వదట. "అవ్వా, మిగిలిన సగం నువ్వు పాడుతవా" అని అడిగిన్రు. నేను పెద్దగ, "అదెంత పని, రెండూ నాకే అచ్చు" అన్న.

అని నోరు తెరిసిన. ఏం రాలే.

నీ వంతు ఒక్క మాట రాలే అక్కా. మరిసిపోయిన అనుకున్న. రెండు రోజులు అన్నం సయించలే, నా తెలివి పోతున్నది, ఇగ పిల్లల పేర్లు సుత మరుస్త అని బుగులు పడ్డ. మూడో రోజు సోయి అచ్చింది. మరిసిపోలే. నేను ఎన్నడు ఇననే లేదు.

యాదికి తెచ్చుకో. నడిమింట్ల నాయినవి, కాకలవి నాలుగు మగ్గాలు టకటక ఆడుతుంటె ఎవల నోరు ఎవలకు ఇనవడేది? చిలప ఏసే చట్రం ఇరిగిపోయిందని నూలు నీ రెండు చేతులకే ఏసేది అమ్మ. నువ్వు చేతులు సాపుకుని నా ఎదురుంగ కూసునేదానివి. నాకు అమ్మ నావి నేర్పింది, నీకు నీవి నేర్పింది. నువ్వు పాడుతుంటె నీ పెదవులు కదిలేది సూసిన, నీ మెడ మీద నరం సూసిన, మాట ఒక్కటి ఇనలే. గన్నేండ్లు నేను నూలును అడుగుతనే ఉన్న, ఎక్కడ పుట్టినవు, ఎవలింటికి పోతవు అని. జవాబు ఏందో నాకు తెల్వనే తెల్వదు. ఈ వయసుల గీ సంగతి తెల్సి నాకు నవ్వచ్చింది, ఏడుపచ్చింది, దండం పెట్టబుద్ధయింది. ఎవలికి పెట్టాల్నో తెల్వక గోడకు పెట్టిన.

ఇప్పుడు అసలు మాట రాయాలె. నాలుగు రోజులాయె కాయితం ముంగట పెట్టుకుని.

ముందటేడు బతుకమ్మల అందరు పాట ఆపిన్రు, సప్పట్లు ఆపిన్రు, నీకు ఇనవడక నువ్వొక్కదానివే పాడుకుంట తిరిగినవు. పొల్లలు నోటికి కొంగు అడ్డం పెట్టి నవ్విన్రు. నేను వాళ్ళను తిట్టాల్సింది. నీ చెయ్యి గట్టిగ ఒత్తి "సాలు తియ్యి అక్కా" అన్న. నువ్వు నా మొకం సూసినవు. గా రోజు నుంచి నువ్వు కూనిరాగం తీయంగ నేను ఇనలే. నీ చెవులు సాంచాలు తీసుకున్నయి, నోరు మాత్రం నేనే మూసిన. నాకు తెల్సు. ఎన్నోసార్లు చెప్పుకుందామనుకున్న, నీకు ఇనవడేటట్టు ఒర్రితె వాడంత ఇంటదని సిగ్గయింది. గిప్పుడు రాస్తున్న. తప్పయింది అక్కా.

ఇనవడకుండ ఎట్ల పాడాలె అంటవు. నేను మొన్న ఒకటి చేసిన, నవ్వకు. చెవుల రెండిట్ల పత్తి కుక్కుకున్న. సుజాతను మిక్సీ పట్టుమన్న. బీడీల దారం ఒక కొస మౌనిక చేతికిచ్చి, ఒక కొస నా ఏలికి చుట్టుకుని, గుంజుకుంట పాడు, నీ వంతు కాంగనే చెయ్యి ఆపు అన్న. నాకేం ఇనవడలే. గని దారం కదిలినంత సేపు ఏలు మీద చీమ పారినట్టున్నది. ఆగంగనే దారం ఇట్ల వదులైంది. నా నోరు దానంతటదే తెరుసుకున్నది అక్కా. మనం ఎన్నడు చెవులతోని పాడలే. గా మగ్గాల సప్పుడుల నా వంతు అయిందని నీకెట్ల తెల్సింది మరి? కండె నిండి నేను రాట్నం ఆపితె నీ చేతులల్ల పోగు వదులయ్యేది. నువ్వు అందుకునేదానివి. అప్పుడు సుత నీకు ఇనవడకపోయేది, నాకు ఇనవడకపోయేది. మన పాట పోగు మీద నుంచి పోయేది, పోగు మీద నుంచి అచ్చేది. గింత ముచ్చట కండ్ల ముంగట ఉండంగ మనకు తెల్వలే.

అచ్చే బేస్తారం నేను మౌనికను తీసుకుని అస్తున్న, వేములవాడల బస్సు మారి. ఆ పాటల పిల్లలను తీసుకరాను. ముందుగాల నేనొక్కదాన్ని ఇనాలె. ఫోన్ల పెట్టుడు పెట్టకపోవుడు నీ ఇష్టం, ఇంకెవల బలిమి లేదు. నాకు జవాబు రాయకు. మీ సజ్జ మీద అమ్మ రాట్నం ఉన్నది కదా, గోనె సంచి కప్పి. నీకు మనసైతె అది దించి నడిమింట్ల పెట్టు. మనసు కాకపోతె అట్లనే ఉండనియ్యి. నేను లోపలికి అచ్చి సూస్త, ఏం అడగ. చాయ తాగి, మోకాళ్ళ ముచ్చట చెప్పుకుని అస్త. ఈ చెల్లె మీద కోపం మాత్రం పెట్టుకోకు.

నా ఇంటి తాళం ఒక్కసారి గుంజి సూడుమని నీ కొడుకుకు చెప్పు. తొక్కు జాడీ మీద బట్ట కట్టిన్రా? సుజాత, మౌనిక నీకు దండాలు చెప్పమన్నరు, గంగవ్వ సుత నిన్ను సూడకుండనే అడిగినట్టు చెప్పమన్నది. బావ ఫోటోకు నా తరుపున ఒక పువ్వు పెట్టు. నీ కొడుకు కోడలుకు, పిల్లలకు నా దీవెనలు. పెద్దదానివి, నీ చెయ్యి నా నెత్తి మీద ఉండాలె.

నీ ఎదురుంగ కూసునే చెల్లె,
రాజవ్వ

ఇంకొక మాట. రాట్నం దించేటప్పుడు నువ్వు స్టూలెక్కకు. పైలం. నీ కొడుకును ఎక్కమను.