బెలాంగ్ తాడు వదిలింది ఎవరు

లింబనాంగ్
బుధవారం

మావయ్యకు యుస్మైని సలాములు.

ఇక్కడ అమ్మ కులాసా. అమ్మమ్మకు మోకాలి నొప్పి తగ్గి, మళ్ళీ అందరినీ తిట్టే ఓపిక వచ్చింది. నేనూ బాగున్నాను. పాలెంబాంగ్‌లో మీరూ, మీ హోటలూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. నాన్న ఎలా ఉన్నాడో ఒక్క మాటలో రాయలేను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

ముందు మీరడిగినవి చెప్తాను. కొండ కింది కర్రపెండలం సగం పోయింది. అడవిపందులు వరసగా తినుకుంటూ పోయినా బాగుండేది. ఒక్కో మొక్కనూ పెకిలించి, రుచి చూసి, వదిలేశాయి. అమ్మమ్మ చేను గట్టున నిలబడి, "వీటికంటే పెళ్ళివారే నయం, వంకలు పెట్టినా తిని పోతారు" అంది. అమ్మ మీకోసం రెండాంగ్ మాంసం కూర బాగా ఎండేదాకా వండి, నాసిర్ అన్న కూరగాయల లారీలో పంపుతోంది. ఈ ఉత్తరం మాత్రం నేను టపాలోనే వేస్తున్నాను. నాసిర్ అన్న మంచివాడే కానీ ఆయన జేబులో ఉన్నది నోట్లోకి రావడానికి ఎంతో సేపు పట్టదు.

మీ కుక్క బెలాంగ్ బతికింది మావయ్యా. పొట్ట పక్కన పంది కోర దిగిన చోట కుట్లు ఆరుతున్నాయి. కుడి వెనకకాలు మాత్రం నేలకు ఆనించడం లేదు. ఇక వేటకు పనికిరాదని అందరూ అంటున్నారు.

నాసిర్ అన్న చెప్పింది విని మీరు రాసిన ఉత్తరం మొన్న అందింది. "తాడు పట్టుకోవడం చేతకానివాడి చేతికి నా కుక్కనిచ్చారు. దాన్ని నాసిర్‌కు అప్పగించండి" అని రాశారు. ఏ ఉత్తరమొచ్చినా అమ్మ బిగ్గరగా చదువుతుంది కదా, ఆ వాక్యం దగ్గర ఆగలేకపోయింది. నాన్న గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాడు. అంతా విని, "బావగారన్నది నిజమే" అని లేచి మసీదుకు వెళ్ళిపోయాడు. పిల్లలకు ఖురాన్ చెప్పే వేళ ఇంకా కాలేదు.

మీకో సంగతి తెలియదు. నాన్నకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున వాళ్ళ ఊళ్ళో ఓ కుక్క కరిచిన మచ్చ పిక్కమీద ఇప్పటికీ ఉంది. ఆదివారాలు వేటకు తీసుకెళ్ళకపోతే బెలాంగ్‌కు ఒళ్ళు బరువెక్కుతుంది, బావ తీసుకెళ్ళాలి అని మీరు పాలెంబాంగ్ వెళ్ళేముందు చెప్పారు. నాన్న ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. అమ్మ అన్నగారి మాట కాదనడం ఆయనకు తెలియదు. మొదటి ఆదివారం తాడు చివర పట్టుకుని, పాము తోక పట్టుకున్నట్టు నడిచాడు. అమ్మ పడీపడీ నవ్వింది. "కుక్క నిన్ను వేటకు తీసుకెళ్తోందా, నువ్వు కుక్కను తీసుకెళ్తున్నావా?" అంది. ఇంటికొచ్చాక దాని చొంగ తగిలిన చెయ్యిని మతం చెప్పినట్టే ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో, తోలు ఊడేలా తోముకున్నాడు. అయినా తర్వాతి ఆదివారం తెల్లారేసరికి తాడు తీసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

ఇక అసలు సంగతి. ఇది అమ్మకూ అమ్మమ్మకూ తెలియదు.

బళ్ళో మా పంతులమ్మ, కళ్ళారా చూసినదాని గురించే వ్యాసం రాయాలంది. నాకు వేట తప్ప మరేదీ తోచలేదు. కుక్కలన్నీ ఒక్కసారి గొంతెత్తినప్పుడు అడవి ఎలా వినిపిస్తుందో, దానికి సరిపోయే మాట ఏదో తెలుసుకోవాలనిపించింది. ఆడపిల్లలు వేట జరిగే చోటికి రాకూడదని మీరు చెప్పిన మాట గుర్తుంది. గుర్తుండే వెళ్ళాను. పెండలం చేను అవతలి గట్టు వెనక దాక్కున్నాను.

వెదురు పొదలో వాసన పట్టే కుక్కలు మొరిగాయి. మగవాళ్ళంతా కుక్కల తాళ్ళు బిగపట్టుకుని వేటపెద్ద దతుక్ కేక కోసం చూస్తున్నారు. నాన్న వరసకు చివర, మిగతా కుక్కలకు దూరంగా, అంటే నాకు దగ్గరగా నిలబడ్డాడు. పంది మనుషులున్న వైపు రాలేదు. ఒంటిపంది. నల్లగా, తడి బండలా, సూటిగా నా గట్టువైపు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. అప్పుడే నాన్న నన్ను చూశాడు.

దతుక్ ఇంకా కేక వెయ్యలేదు. కేకకు ముందు తాడు వదిలితే కుక్క ఒంటరిగా కోరలకు ఎదురవుతుందని నాన్నకు తెలుసు. మీరు ఆయనకు అన్నిటికంటే ముందు నేర్పింది అదే. ఆయన చెయ్యి జారలేదు మావయ్యా. వంగి, రెండు చేతులతో ముడి విప్పాడు. దాని చెవిలో ఏదో అన్నాడు. బెలాంగ్ వెళ్ళి పందిని పక్కకు తిప్పింది.

నాన్న నావైపు చెయ్యి ఊపి, "ఇంటికి పో! నువ్వు ఇక్కడికి రాలేదు!" అని గట్టిగా గుసగుసలాడాడు. నేను పరిగెత్తాను. వెనక బెలాంగ్ అరుపు వినిపించింది. అది ఏ మాటలోనూ పట్టదు. వ్యాసం రాయలేదు.

దతుక్ కేకతో మిగతా కుక్కలన్నీ మీదపడి పందిని నిలవేశాయట. బెలాంగ్‌కు అక్కడే చేపల వల దారంతో కుట్లు వేశారట. కుట్టినంతసేపూ దాని తల ఒళ్ళో పెట్టుకున్నది నాన్నే. నాసిర్ అన్న మాత్రం, "ఏమయ్యా బుర్హాన్, తాడు పట్టుకోవడం మీ ఖురాన్ బళ్ళో చెప్పరా?" అన్నాడట. "చెయ్యి జారిందయ్యా" అన్నాడట నాన్న. ఇప్పుడు ఆయన కాఫీ అంగడి ముందునుంచి వెళ్తే లోపలివాళ్ళు చెంచా కింద పడేసి, "అయ్యో, చెయ్యి జారింది!" అంటారు. నాన్న కాఫీకి వెళ్ళడం మానేశాడు.

నిజం చెప్పేద్దామని నేను ఏడిస్తే, "నువ్వు వేటకు వచ్చావని తెలిస్తే నీ మామ నీ చదువు ఆపేస్తాడు. నాదేముంది, నవ్వి నవ్వి వాళ్ళే అలిసిపోతారు" అన్నాడు.

నిన్న నాసిర్ అన్న బెలాంగ్ కోసం వచ్చాడు. నాన్నే తాడు విప్పి ఇచ్చాడు. "గుడ్డులో తేనె కలిపి పెట్టు. చెవి వెనక రుద్దితే మందు మింగుతుంది" అని చెప్పాడు. నాసిర్ అన్న తాడు లాగాడు. బెలాంగ్ మూడు కాళ్ళమీద కుంటుతూ వెనక్కి తిరిగి, వచ్చి నాన్న పాదాలమీద కూర్చుంది. నాన్న కదల్లేదు. దాన్ని తోయలేదు, నిమరలేదు.

"ఏమే, ఇన్నేళ్ళు వేటకు కలిసి వెళ్ళాం, నేను నీకు పరాయివాణ్ణా?" అన్నాడు నాసిర్ అన్న. తాడు కింద పెట్టేశాడు. "జమారిస్ పాలెంబాంగ్ నుంచి మళ్ళీ రాస్తే అప్పుడొస్తాలే. దీన్ని మోసుకుపోయే ఓపిక నాకు లేదు."

మెట్లమీద నుంచి అమ్మమ్మ, "ఆ వంక చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని!" అని కేకేసింది.

ఇదంతా రాస్తున్నట్టు నాన్నకు తెలియదు. బుకిట్టింగిలో పంతులమ్మల శిక్షణ బడికి పంపుతానని మీరు మాటిచ్చారు. ఆ మాట వెనక్కి తీసుకున్నా నేను నోరెత్తను. కానీ బెలాంగ్‌ను నాన్న దగ్గర ఉండనివ్వండి.

ఇంకొక్కటి. మీరు అమ్మకు రాస్తారు, నాకు రాస్తారు, కుక్కకు గుడ్లు పెట్టమని ఓసారి అమ్మమ్మకు కూడా రాశారు. నాన్నకు ఎప్పుడూ రాయలేదు. ఈసారి జవాబు ఆయనకే రాయండి. పైన ఆయన పేరుంటే చాలు. లోపల ఏం రాయాలో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇట్లు,
మీ మేనకోడలూ, బుర్హాన్ గారి కూతురూ అయిన
యుస్మైని